తువ్వాల కింది మాట

మూడు గొట్టినంక గాని గడియారం బయటికి తియ్యనన్నది నిర్మలమ్మ. బేస్తారం నాడు ఒకటిన్నర సంది మూడు దాక రాహుకాలమట, గా టైముల ఇంట్ల సొమ్ము పరాయి చేతిల పెడితే మంచిగుండదట. మూడయ్యిందని ఎట్ల తెలుస్తది అని అడిగితే, అర్రల సందూకల ఉన్న గా గడియారాన్నే చూసి చెప్తదట. "కూసోండ్రి పర్వతాలన్నా, ఇంకొక్క గంటనే," అని రెండు చెంబుల నీళ్లు పెట్టి లోపటికి పోయింది. పర్వతాలు ఇంటి ముంగటి సాయమాన్ల బెంచి మీద కూసున్నడు, నీళ్లు తాగిండు, చెంబు కింద పెట్టిండు. అంచుకు ఒక నొక్కు, కడుపు మీద మూడు గీతలు, లోపట కళాయి సగం పోయింది, దోయం, అనుకున్నడు. ఎవలడిగిండ్రు? ఎవలు అడగలే. గడియారాలకు దర్జా కట్టుడు పని పట్టిన పదిహేనేండ్ల సంది గిదే రోగం. చెంబును చూస్తే చెంబుకు, చెప్పుల్ని చూస్తే చెప్పులకు, పెండ్లికి పోతే పిలగానికి, అన్నిటికి దర్జా కట్టుడే. అవ్వల్, దోయం, సోయం, ఒకటి, రెండు, మూడు. పొద్దున మహబూబ్‌నగర్ల ఎక్కిన బస్సుకైతే దర్జానే దొరకలే, జడ్చర్ల దాక జనాన్ని బస్సు మోసిందో బస్సును జనం మోసిండ్రో ఇంకా తేలలే.

పక్కపొంటి రఘుపతి సేటు అప్పుడే నిద్రపోయిండు. హైదరాబాదుల పాత గడియారాల యాపారం ఆయనది. గురక మొదలుపెడితే స్టేషన్ల బండి కదిలిందనుకొని నలుగురన్న మూటలు నెత్తికెత్తుకొని ఉంటరు. ఎండ గట్లనే ఉన్నది, కాకులు ఎగురుడు మానేసి నీడ నీడ నడుచుకుంట పోతున్నయి. పర్వతాలుకు గూడ నిద్ర కావాలె. ఒక పూట నిద్ర కాదు, ఒక పంట కాలం నిద్ర. కండ్లు మూస్తే చాలు, కుడి కంట్ల ఇన్నేండ్లు పెట్టుకున్న భూతద్దం గుండ్రగ మచ్చలెక్క కనబడ్తది, దాని నడుమ ఏదో ఒక గడియారం మొకం. తెల్లగ, నున్నగ, పన్నెండు దిక్కుల పన్నెండు అంకెలు. ఎవలిదో తెల్వదు. జాగీర్లు పోయినంక దొరల మేడల, దేవిడీల గోడలు దాటి ఎన్ని రాలే బయటికి. అత్తర్ బుడ్లు, కప్పుకు ఏలాడే షాండ్లీర్లు, ఏనుగు మీది అంబారి, ఏనుగు ఒక్కటే రాలే, అది ముందే అమ్ముడుపోయింది. అన్నిటికంటె ఎక్కువ వచ్చినయి జేబు గడియారాలు. అవ్వి కొనెటోళ్లు బొంబాయిల ఉన్నరు, షోకుదార్లు. వాళ్లు టైము చూసుకునెతందుకు కొనరు, గడియారాన్ని చూసుకునెతందుకు కొంటరు. ఒకాయన ఇంట్ల మూడు నూర్లు ఉన్నయట, ఒక్కటి గూడ తిప్పడట, టైము అడుగుతందుకు పక్కింటికి పోతడట.

గసుంటోళ్లకు పంపాల్నంటే దర్జా పక్కాగ ఉండాలె. గ్లాసు మారినా మాఫీ, ముండ్లు మారినా మాఫీ, ఎనుక మూతకు సొట్ట పడితే జర చూసీచూడనట్టు పోతరు. మొకం మారితే మాత్రం మాఫీ లేదు. సొంత మొకం పలిగినా సరే దోయం, పరాయి మొకం పాలమీగడలెక్క ఉన్నా సోయం. సేటు పెట్టిన కానూను ఇది. ఆయన బిడ్డకు సంబంధం వచ్చినప్పుడు గూడ గీ మాటనే అన్నడు, పిలగాని మొకం మీది పౌడరు జర తుడిచి చూపియ్యమన్నడు, గా సంబంధం పోయింది. ఎందుకు నవ్వు రాదు? ఇంతకుముందు ఈ ముచ్చటకు పర్వతాలు పొట్ట పట్టుకొని నవ్వెటోడు, పెండ్లాం గోపమ్మకు చెప్పి ఆమెను గూడ నవ్విచ్చెటోడు. ఇప్పుడు నవ్వుతందుకు గూడ దవుడలు నొస్తున్నయి. గోపమ్మ పొద్దుగాల ఏమన్నది? రొట్టె మూట చేతిల పెట్టుకుంట, "నీ మొకం గూడ మారిందయ్యో, ఎవల్దో తగిలిచ్చుకొని వచ్చినట్టున్నవు," అన్నది. ఊకనే అన్నది. గడప దాటినంక ఆ మాట ఎంబడే వచ్చింది, బస్సు ఎక్కింది, టికెటు గూడ తీసుకోలే.

సేటు ఒడిల ఎర్ర తువ్వాల మడతపెట్టి ఉన్నది. గురక పెట్టినా దాన్ని ఇడువడు. దర్జా చెప్పెటిది దాని కిందనే. గడియారం అమ్మెటోళ్లు ఎదురుంగ ఉంటరు, వాళ్ల ముంగట అసలు దర్జా నోటితోని అంటే ఎట్ల? సేటు, పర్వతాలు చెయ్యి చెయ్యి పట్టుకుంటరు, మీద తువ్వాల కప్పుతరు. ఒక్క వేలు నొక్కితే అవ్వల్, రెండు నొక్కితే దోయం, మూడయితే సోయం. నోరు మాత్రం ఎప్పుడైనా ఒకటే అంటది, "సోయం, అమ్మా." "సోయం, దొరా." ఇది సేటు కనిపెట్టింది కాదు, పర్వతాలు తెచ్చింది. వాళ్ల బాపు గుర్వయ్య మక్తల్ అంగట్ల గొర్లకు దర్జా కట్టెటోడు. గొర్రె దవుడ పట్టుకొని బొటనవేలు చిగురు మీద బెట్టి ఒక్క నొక్కు నొక్కితే, రెండు పండ్లదో నాలుగు పండ్లదో, ఈనిందో ఈననుందో, మొన్న ఎవల చేను మేసిందో గూడ చెప్పెటోడు. చెప్పుడు గొంగడి కింద, వేళ్లతోని. గొర్రె గూడ ఆయన నొక్కినంక ఒక్క గడియ ఊకుండేది, తన వయసు తనకు అప్పుడే ఎరుకైనట్టు. "నోటితోని ఏమన్న అను బిడ్డా, అంగడన్నంక అంటరు. వేళ్లతోని మాత్రం అబద్ధం ఆడకు," అనెటోడు బాపు. వేళ్లతోని ఇయ్యాల్టిదాక ఆడలే. నోటితోని ఆడినయి లెక్కపెడితే మక్తల్ నుంచి పోచంపల్లి దాక గొర్ల మంద లెక్క నిలవడ్తయి. సోయం అన్నప్పుడు ఎదుటి మనిషి మొకం ఎట్ల అయితదో ఆయనకు ఎరికే. ఒక దేవిడీల పర్ద ఎనుక నుంచి బేగం సాబ చెయ్యి ఒక్కటే బయటికొచ్చింది, అరచేతిల గడియారం. అవ్వల్‌ల అవ్వలది. సోయం అన్నడు. మొకం కనబడలే గాని గా చెయ్యి మొకం లెక్కనే చిన్నబోయింది. వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకున్నయి. తువ్వాల కింద పర్వతాలు ఒక్క వేలు నొక్కిండు, సేటు దగ్గిండు. గా దగ్గు ఇంకా చెవుల ఉన్నది. గడియారం చెవికాడ పెట్టుకుంటే గూడ టిక్కు టిక్కు నడుమ అదే ఇనబడ్తది.

లోపటినుంచి ఏదో చప్పుడు. గిన్నెలా? సందూక మూతనా? రాహుకాలం గిట్ల ఉంటదని ఇయ్యాలనే తెలిసింది, అది గంటన్నర కాదు, ఒక ఏడాది ఉంటది. నిర్మలమ్మ చెయ్యి చూసిండు ఇందాక నీళ్లిచ్చినప్పుడు. కుడి మణికట్టు వంకర. బావికాడ జారి పడితే దవాఖానల కట్టిండ్రట, కట్టినోడు కొలువుల కొత్తగ చేరిండో ఏమో, చెయ్యి ఒక దిక్కు చూస్తే వేళ్లు ఇంకో దిక్కు చూస్తున్నయి. చెంబు గూడ ఎడమ చేతితోనే ఇచ్చింది, తప్పు పట్టకుండ్రి అన్నది. ఆమెకు కుట్టు మిషిను కావాలె. గడియారం అమ్ముతున్నది గందుకే, మొగడు పోయి రెండేండ్లు, బట్టలు కుట్టి బతుకుతనన్నది. సేటు వచ్చెటప్పుడే చెప్పిండు, పైసలు చేతికియ్యడు, హైదరాబాదు నుంచి మిషినే దింపిస్తడు, అది గూడ ఆమె ముంగట నోరు అన్న దర్జాను బట్టి. "దోయం దాక వస్తె కాలుతోని తొక్కేది, పాదాలు, బల్ల అన్నిటితోని. సోయం అయితె చేతితోని తిప్పేది." చేతితోని తిప్పెటిది, కుడి చేత్తోని. గా చేత్తోని ఆమె చెంబెడు నీళ్లు గూడ ఎత్తలేదు. సేటు గిది చూడలే, ఆయన మనుషుల చేతులు చూడడు, చేతికున్నయి చూస్తడు.

ఇదంతా ఏదో ఇంట్ల ఏదో గడియారమైతే పర్వతాలుకు ఇంత యాష్ట ఎందుకుంటది? గీ గడియారం ఆయనకు ఎరికే. ఎరుక కాదు, దాని మొకం తీసినోడే ఆయన. నిర్మలమ్మ మొగడు రామచంద్రం జాగీర్దారు కాడ సాలోత్రి, అంటే గుర్రాలకు మందిచ్చెటాయిన. జాగీర్దారు పంచకల్యాణి గుర్రం మూడు దినాలు కిందపడి లేవకుంటే, రామచంద్రం పోయి దాని చెవిల ఏదో అని, నోట్ల ఏదో పోస్తే లేచి నిలవడ్డదట. నిలవడి ఊకుండలే, దేవిడీ చుట్టు పదకొండు సుట్లు ఉరికి జాగీర్దారుకు సలాం గొట్టిందట. సలాం గొట్టుడు చూసినోళ్లు జడ్చర్లల ఇంకా నలుగురున్నరు, వాళ్లు గప్పుడు పుట్టలే, గది వేరే ముచ్చట. ఇనాముగ వచ్చింది గీ జేబు గడియారం, వెండి మూత, పింగాణీ మొకం. కృష్ణ సంది మూసీ దాక గసుంటి అవ్వల్ ఇంకోటి లేదని పేరు. గా పేరు ఇని రఘుపతి సేటు ఆరు నెలల సంది నిద్రపోలేదు, అందుకే ఇప్పుడు గట్ల పోతున్నడు. గా పేరు పంతొమ్మిదేండ్ల కిందటిది. నిజాం సర్కారు లెక్కల పదమూడు నూర్ల యాభై అయిదు ఫస్లీ. మహబూబ్‌నగర్ల ఉస్తాద్ దుకాణంల పర్వతాలు కొత్తగ కారీగరు అయ్యిండు. రామచంద్రం వచ్చి, "సాఫ్ చెయ్యి పర్వతాలూ, పదిలం," అని బల్ల మీద పెట్టి చాయ్ తాగొస్త అని పోయిండు. మూత తీసిండు, ముండ్లు తీసిండు, మొకం ఊడదీసి చేతిలకు తీసుకున్నడు. తెల్లటి మొకం, అంకెలన్నీ రోమను గీతలు, నాలుగు కాడ నిలువుగ నాలుగు గీతలు పక్కపక్కన కాపలా నిలవడ్డట్టు. ఎంత ముద్దుగుండె. చూసుకుంట చూసుకుంట, ఎందుకో, బాపు గొర్రె దవుడ నొక్కినట్టు, బొటనవేలు పెట్టి ఒక్క నొక్కు నొక్కిండు. ఏం తెలుసుకుందమని? ఎన్ని పండ్లని? గొల్లోని వేలు అది, దానికి పింగాణీ అంటె ఎరుక లేదు. కటుక్కుమన్నది. నాలుగు కాడికెళ్లి అంచుదాక చీలిక, అంచుకు జొన్నగింజంత పెచ్చు లేచింది.

గా కటుక్కు చిన్నదే. ఉస్తాద్‌కు గూడ ఇనబడలే, ఆయన నమాజుల ఉన్నడు. పర్వతాలుకు మాత్రం ఇయ్యాల్టిదాక ఇనబడుతనే ఉన్నది. పాత డబ్బల అదే కంపెనీ సచ్చిన గడియారం ఒకటి ఉండె, దాని మొకం తీసిండు, మొకాన్ని నిలిపే ఎనుక కాళ్లు అతకకుంటే కోసేసి లక్కతోని అతికిచ్చిండు. దాంట్ల నాలుగు వేరే తీరుగుండె, ఒకటే గీత, దాని పక్కన నాగలి కర్రు లెక్క రెండు గీతలు కలిసి ఒక్క మొన. ఎవలు చూస్తరు? మనుషులు గడియారంల టైము చూస్తరు, అంకెలు చూడరు. రామచంద్రం చాయ్ తాగి వచ్చిండు, చూసిండు, చెవికాడ పెట్టుకున్నడు, "భేష్," అన్నడు, జేబుల ఏసుకొని పోయిండు. పోయెటప్పుడు ఒక్కసారి మర్లి చూసిండు. ఎందుకు చూసిండు? పంతొమ్మిదేండ్లు గా మర్లి చూసుడు ఏందో అర్థం కాలే. ఎనుక మూత లోపట, మరమ్మతు చేసినోళ్లు సూదితోని గుర్తు గీకుడు రివాజు, పర్వతాలు గూడ గీకిండు, వాళ్ల మంద గొర్ల చెవులకు పెట్టే కోత గుర్తు, కింద ఫస్లీ సంవత్సరం. దొంగతనం చేసి సంతకం పెట్టొచ్చినోడు ఈ జిల్లాల ఒక్కడే. పలిగిన పాత మొకం? దూదిల చుట్టి, బట్టల కట్టి, నడుముకు ఉన్న వక్కాకు సంచిల. ఇప్పుడు గూడ అక్కడ్నే ఉన్నది. ఎందుకు పారెయ్యలే? పారేద్దమని నాలుగుసార్లు చెరువు కాడికి పోయిండు. ప్రతిసారి చెరువుల నీళ్లు లేవు.

ఇప్పుడు ఏం చెయ్యాలె? ఒక్క వేలు నొక్కి, నోటితోని గూడ అవ్వల్ అంటే సేటు కండ్లు మూసుకొని తీసుకపోతడు, ఆమెకు కాలుమిషిను వస్తది. బొంబాయిల మొకం ఇప్పుతరు, లక్క కనబడ్తది, సేటు మల్ల వచ్చి మిషిను ఎత్తుకపోతడు. వేళ్లతోని మొదటి అబద్ధం, బాపూ, గిప్పటిదాక ఆపిన. మూడు వేళ్లు నొక్కితే నిజమే, పరాయి మొకం, సోయం. చేతి మిషిను. వంకర మణికట్టు. అది చేసినోడు ఎవలు? నేను. శిక్ష ఎవలకు? ఆమెకు. మూడోది గూడ ఉన్నది. వక్కాకు సంచి ముడి ఇప్పి చూపెట్టుడు. సొంత మొకం పక్కన పెడితే పలిగినా సరే గడియారం దోయం అయితది, కానూను ప్రకారం. కాలుమిషిను. పర్వతాలు పేరు మాత్రం సోయం గూడ గాదు. గడియారాల మొకాలు మార్చెటోని వేళ్లను ఏ సేటు పట్టుకుంటడు? పదిహేనేండ్లు గీ వేళ్ల మీద ఇల్లు నడిచింది. కుడి కన్ను సగం పోయింది, ఇంకేం పని వస్తది? గొర్లు కాయాలె. గొర్లు అడగవు గద, నీ దర్జా ఏంది అని. జర నిద్రన్న పడతది చెట్టు కింద. నిద్ర. మెడ ఇరిగినట్టు తల ముంగటికి పడ్డది, మల్ల లేచింది. మూడు ఎప్పుడో అయి ఉంటది. సేటు చేతి గడియారం సేటు పొట్ట మీద లేస్తున్నది, పడుతున్నది. మూడు మీద పన్నెండు నిమిషాలు. లోపటి గడియారం ఎనుకవడ్డది. లక్క ఎండి మొకం లేస్తే ముల్లు దానికి రాసుకుంట నడుస్తది, ఎనుకవడ్తది. గది గూడ నా పనే. రాహుకాలాన్ని పన్నెండు నిమిషాలు సాగదీసినోడు గూడ నేనే.

"అయింది," అనుకుంట నిర్మలమ్మ వచ్చింది, కొంగుల గడియారం పట్టుకొని. సేటు గురక నడుమల్నే లేచి కూసున్నడు, నిద్ర ఆయనకు చెప్పుల లెక్క, గడప కాడ ఇడుస్తడు. "ఏదమ్మా, మావోని చేతిల పెట్టు." పర్వతాలు అరచేతిల పడ్డది గడియారం, ఎచ్చగ, ఆమె కొంగు ఎచ్చన. బరువు అదే. భూతద్దం పెట్టకముందే నాలుగు కనబడ్డది, కర్రు లెక్క. ఎనుక మూత తీసిండు, గొర్రె చెవి గుర్తు, దాని కింద ఫస్లీ. ఎవలో వయసుల ఉన్నోడు గీకినట్టున్నది, గీత జర గూడ వణకలే. సేటు ఆయన ఎడమ చెయ్యి పట్టుకొని మీద ఎర్ర తువ్వాల కప్పిండు. నిర్మలమ్మ తువ్వాల దిక్కు చూడలే, నోటి దిక్కు చూస్తున్నది. వంకర మణికట్టును ఎడమ చేత్తోని పట్టుకున్నది.

"ఏందయా, చెప్పు," అన్నడు సేటు.

పర్వతాలు గడియారం బెంచి మీద పెట్టిండు. కుడి చెయ్యి నడుము కాడికి పోయింది. వక్కాకు సంచి మూతి ముడి ఇప్పుతందుకు పండ్లు గూడ పెట్టాల్సి వచ్చింది. దూది పచ్చవడ్డది, వక్కపొడి అంటుకున్నది. లోపట తెల్లగ, పలిగి, నాలుగు గీతలు కాపలా.

"మొకం దానిది కాదు సేటు. దానిది ఇది. నా చేతుల పలిగింది, నేనే మార్చిన. రెండు కలిపితే దోయం," అన్నడు. తువ్వాల కింద రెండు వేళ్లు నొక్కిండు.

కాకి గూడ నడుచుడు ఆపింది. సేటు చూసిండు, పలిగిన మొకాన్ని, మంచి మొకాన్ని, పర్వతాలు మొకాన్ని. నిర్మలమ్మ ఒంగి పలిగినదాన్ని ఎడమ చేత్తోని తీసుకున్నది, నాలుగు కాడ వేలు పెట్టి గీతలు లెక్కపెట్టింది. నవ్వింది.

"ఇదా? మా ఆయనకు ఎరికే అన్నా."

"ఎరికేనా?"

"దినాం నాలుగ్గొట్టంగనే గడియారం తీసి చూసి నవ్వెటోడు. ఎందుకయ్యా అంటె చెప్పకపోయెటోడు. పోయే ముందు చెప్పిండు. గుర్రానికి ఏం రోగం లేకుండెనట, ఊకె పండుకున్నదట. ఈయన పోంగనే దానంతటదే లేచిందట. నేను మందియ్యలే, ఇనాము మాత్రం తీసుకున్న, ఇగ పర్వతాలును ఏం మొకం పెట్టుకొని అడగాలె అన్నడు."

పంతొమ్మిదేండ్ల కింద మర్లి చూసిన చూపు ఇప్పుడు వచ్చి తగిలింది. పర్వతాలుకు నవ్వొచ్చిందో దగ్గొచ్చిందో తెల్వలే, రెండిట్ల ఏదైనా దవుడలు నొయ్యలే.

"సలాం గూడ కొట్టలేదా అమ్మా?" అన్నడు సేటు, ఆరు నెలల నిద్ర ఒక్కసారి మొకం మీదికి వచ్చింది.

"ఈగ వాలితె తల ఊపి ఉంటది."

సేటు పర్వతాలు చెవికాడికి ఒంగిండు. "ఇయ్యాల్టి సంది నీ పని నాకొద్దు. ఇంటికి పో. దోయమన్నది నోరు, ఇన్న. ఇప్పుడు వేళ్లతోని అసలుది చెప్పు."

"అదే సేటు."

"అసలుది."

"నోట్ల ఉన్నదే వేళ్లల్ల ఉన్నది."

సేటు నమ్మలే. పదిహేనేండ్లల నోరు, వేళ్లు ఒక్క మాట మీద ఉన్నది ఎన్నడు చూడలే పాపం. పని వద్దన్నోడు చెయ్యి మాత్రం ఇడువలే, వేళ్లు మారుతయేమో అని తువ్వాల కింద గట్టిగ పట్టుకొని చూస్తున్నడు. నిర్మలమ్మ కుడి కాలు చీర అంచు కింద అప్పుడే మొదలుపెట్టింది, నేల మీద, పైకి కిందికి, పైకి కిందికి, ఇంకా రాని మిషిను తొక్కుకుంట. గా చప్పుడు ఇనుకుంట పర్వతాలు గోడకు ఒరిగిండు. రెండు వేళ్లు సేటు చేతిలనే ఇడిచిపెట్టి కండ్లు మూసుకున్నడు.